ఎండకు పాడైన చర్మానికి ఫ్లోరోయురాసిల్ క్రీమ్: పూసిన చోట పుండులా మారితే ఆపేయాలా?

ప్రశ్న – పల్నాడు నుంచి ఒక అక్క

మా తమ్ముడికి పుట్టుకతోనే అల్బినిజం ఉంది. చర్మం, జుట్టు, కనుబొమలు అన్నీ తెల్లగానే ఉంటాయి, చూపు కూడా బాగా తక్కువ. వాడికి ఎండ పడదని ఇంట్లో అందరికీ తెలిసినా, మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాడు కల్లం వైపు పోకుండా ఎన్నాళ్లుంటాడు? కాయలు ఆరబోసే రోజుల్లో కాపలాకు కూర్చున్నా, తిరగవేయడానికి వెళ్లినా, తలకు తుండు చుట్టుకోవడం తప్ప వేరే రక్షణ ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి. కొంతకాలంగా నుదుటి మీద, కణతల మీద గరుకైన పొలుసులు లేస్తున్నాయి. గిల్లితే ఊడిపోతాయి కానీ కొద్దిరోజుల్లో మళ్లీ అదే చోట వస్తాయి.

పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు చూసి, ఒక మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించారు. అది క్యాన్సర్ కాదని, క్యాన్సర్‌కు ముందు దశ అని, దాని పేరు యాక్టినిక్ కెరటోసిస్ అని చెప్పారు. ఫ్లోరోయురాసిల్ ఐదు శాతం క్రీమ్ రాసి, నుదురు, కణతల మీద రోజుకు రెండుసార్లు చొప్పున మూడు వారాలు పూయమన్నారు. ఎర్రబడుతుందని చెప్పారు కానీ ఇంతగా అవుతుందని మేము అనుకోలేదు. మొదటి నాలుగైదు రోజులు ఏమీ కనిపించలేదు. ఇప్పుడు రెండో వారం నడుస్తుంటే నుదురంతా ఎర్రగా కాలినట్టయింది, అక్కడక్కడా రసి కారి పెచ్చులు కట్టాయి, రాత్రిళ్లు మంటకు నిద్ర పట్టడం లేదంటున్నాడు. డాక్టరు మచ్చ లేదన్న చోట కూడా కొత్తగా ఎర్రటి చుక్కలు లేచాయి. చూసినవాళ్లంతా మందు వికటించిందని, వెంటనే మానేయమని అంటున్నారు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చి, ఇది పూస్తే రెండు రోజుల్లో చల్లబడుతుందన్నారు. దాని మీద క్లోబెటాసాల్ అని, ఇంకో రెండు మందుల పేర్లు ఉన్నాయి. ఇంకా వాడలేదు.

క్రీమ్ ఆపేయాలా, కొనసాగించాలా? షాపువాళ్లు ఇచ్చిన ట్యూబు వాడవచ్చా? వాడికి అద్దంలో సరిగా కనిపించదు కనుక రెండు పూటలా మా మరదలే పూస్తోంది. ఆమెకు ఇప్పుడు ఐదో నెల. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు – చర్మవైద్యుడు, గుంటూరు

అమ్మా, మీరు చివర్లో ఒక్క మాటగా రాసిన విషయాన్నే నేను ముందుగా తీసుకుంటున్నాను. మీ మరదలు ఈ క్రీమును ఇకమీదట ముట్టుకోకూడదు. ఫ్లోరోయురాసిల్ కణవిభజనను అడ్డుకునే మందు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ దీనిని వాడకూడదు, చేతులతో తాకకూడదు కూడా. ఇన్నాళ్లు పూసినందుకు కంగారు పడవద్దు, ఎందుకంటే వేలి చర్మం గుండా లోపలికి చేరేది చాలా స్వల్పం. అయినా ఆమెను చూస్తున్న ప్రసూతి వైద్యురాలికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఈ పూట నుంచే ఇంట్లో మరొకరు పలుచని చేతి తొడుగు వేసుకుని పూయాలి, తొడుగు తీశాక కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అతని దిండు గలీబును, ముఖం తుడుచుకునే తువ్వాలును ఆమె వాడకుండా వేరుగా ఉంచండి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. మీరు వర్ణించిన ఎరుపు, మంట, పెచ్చులు ఈ మందు పనిచేస్తున్నప్పుడు కనిపించే లక్షణాలే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి తగిలితే చర్మకణాల్లో జన్యుపదార్థం దెబ్బతింటుంది. మామూలుగా మన చర్మంలో ఉండే మెలనిన్ ఆ కిరణాలను చాలావరకు ఆపుతుంది. అందుకే ఈ జబ్బు మనవాళ్లలో అరుదు, తెల్లజాతివారిలో అతి సాధారణం. మీ తమ్ముడి చర్మంలో ఆ రక్షణ పుట్టుకతోనే లేదు. దెబ్బతిన్న కణాలు అదుపు తప్పి త్వరత్వరగా విభజన చెందుతుంటాయి. ఫ్లోరోయురాసిల్ కణంలోకి చేరి, కొత్త డీఎన్ఏ తయారీకి అవసరమైన థైమిడైలేట్ సింథేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. హడావుడిగా విభజన చెందే రోగకణాలు ముందుగా చస్తాయి, ఆరోగ్యంగా ఉన్న చర్మం చాలావరకు తట్టుకుంటుంది. చచ్చిన కణాలను శరీరం తొలగించే క్రమంలోనే ఈ వాపూ, పుండూ ఏర్పడతాయి.

మచ్చ లేదన్న చోట లేచిన ఎర్రటి చుక్కల గురించి మీరు భయపడ్డారు. నిజానికి అవి కొత్తవి కావు. కంటికి ఇంకా కనిపించని దశలో అక్కడ అప్పటికే ఉన్నవాటిని మందు బయటపెట్టింది. ఈ మందుకు చర్మవైద్యంలో చోటు దొరికింది కూడా ఇలాంటి పరిశీలన వల్లనే. 1957లో హైడెల్‌బెర్గర్ బృందం ఫ్లోరోయురాసిల్‌ను లోపలి అవయవాల క్యాన్సర్ల కోసం రూపొందించింది. దానిని ఇంజెక్షనుగా తీసుకుంటున్న రోగుల్లో కొందరికి, ఎండ తగిలిన ముఖం మీద, చేతుల మీద ఉన్న గరుకు మచ్చలు మాత్రమే ఎర్రబడి, ఆ తరువాత మానిపోవడాన్ని 1960ల తొలినాళ్లలో వైద్యులు గమనించారు. అలా ఇది పూతమందు అయింది. అందుకే వైద్యులు ఒక్కొక్క మచ్చ మీద చుక్క పెట్టమనకుండా, నుదురంతా పలుచగా పూయమంటారు.

మామూలుగా జరిగే క్రమం ఇది. తొలి రోజుల్లో ఏమీ కనిపించదు. మొదటి వారం చివర్లో ఎరుపు మొదలై, రెండో వారంలో, మూడో వారంలో మంట, రసి, పెచ్చులు పతాకస్థాయికి చేరతాయి. మందు ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లో పెచ్చులు రాలి కొత్త చర్మం వస్తుంది, లేత ఎరుపు మాత్రం ఇంకొన్ని వారాలు ఉండిపోవచ్చు. సరిగ్గా మీరున్న ఈ ఘట్టంలోనే ఎక్కువమంది భయపడి మానేస్తారు. రోగకణాలు సగం చచ్చి సగం మిగిలిపోతే, పడిన బాధకు తగిన ఫలితం దక్కదు.

అలాగని ఏమైనా సరే పూస్తూనే ఉండమని నేను చెప్పడం లేదు. కళ్లు వాచి రెప్పలు మూసుకుపోయినా, చీము పట్టి దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, నోటిలో పుండ్లు లేచినా, విరేచనాలు పట్టుకున్నా, ఆ పూటే క్రీమ్ ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. శరీరంలో ఈ మందును విరిచేసే డీపీడీ అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే లోపించి ఉంటుంది, వారికి కొద్దిపాటి మందైనా విషమవుతుంది. అది చాలా అరుదు, కానీ నోటి పుండ్లు, విరేచనాలు దానికి ముందస్తు గుర్తులు కావచ్చు. ఇవేవీ లేకుండా మంట ఒక్కటే భరించలేనంతగా ఉంటే, క్రీమ్ రాసిన డాక్టరుకు ఫోనులో ఫొటో చూపించండి. రెండు మూడు రోజులు విరామం ఇవ్వడమో, రోజుకు ఒకసారికి తగ్గించడమో ఆయన నిర్ణయిస్తారు. మొత్తంగా మానేయడం కంటే అది ఎంతో మేలు.

షాపువాళ్లు ఇచ్చిన ట్యూబును పక్కన పెట్టేయండి. క్లోబెటాసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. అది పూస్తే వాపు అణిగి చర్మం చల్లబడినట్టు కనిపిస్తుంది కానీ, మనకు ఇప్పుడు ఆ వాపుతోనే పని ఉంది. పైగా పల్చబడిన ముఖచర్మం మీద అది ఇంకో హాని. కోర్సు పూర్తయ్యాక, అవసరమైతే, కొద్దిరోజులకు తేలికపాటి స్టెరాయిడును మేమే రాస్తాము. మన దేశంలో స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన ఉన్నా, దురదకూ, మొటిమకూ, మంగుకూ ఒకటే ట్యూబు చేతిలో పెట్టే అలవాటు మనకు పోలేదు. ఆ అలవాటు వల్ల పాడైన ముఖాలను నేను రోజూ చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జవాబు – తెలుగు నర్సు, క్వీన్స్‌లాండ్

అక్కగారూ, డాక్టరుగారు చెప్పినదానికి నేను చూస్తున్న కొన్ని సంగతులు జోడిస్తాను. చర్మ క్యాన్సర్ ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో ఆస్ట్రేలియా ముందుంటుంది, అందులోనూ మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రం మరీ ఎక్కువ. పొలాల్లో, పశువుల వెంట, సముద్రతీరాన బతుకంతా గడిపిన తెల్లజాతి వృద్ధులకు ఈ క్రీమ్ కొత్త కాదు. ఇక్కడ దీనిని ఎఫుడిక్స్ అంటారు. ఎర్రటి పెచ్చులు కట్టిన నుదురుతో ఒక పెద్దాయన దుకాణానికి వస్తే ఎవరూ వింతగా చూడరు, క్రీమ్ పూసుకుంటున్నాడని వెంటనే అర్థమవుతుంది. మీ ఊళ్లో ఇది ఎవరూ చూసి ఉండరు కనుక వికటించిందని అనుకోవడం సహజం. మీ తమ్ముడు బయటి మాటలకు కుంగిపోకుండా చూడండి.

ఇంత బాధ పడటం అవసరమా అని అతను అడిగితే ఈ రెండు అధ్యయనాల గురించి చెప్పండి. నెదర్లాండ్స్‌లో 624 మందిపై నాలుగు చికిత్సలను పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. చికిత్స ముగిసిన ఏడాదికి కూడా మంచి ఫలితం నిలిచినవారు ఫ్లోరోయురాసిల్ వాడినవారిలో దాదాపు 75 శాతం ఉంటే, ఇమిక్విమోడ్ అనే మరో క్రీమ్ వాడినవారిలో 54 శాతం మాత్రమే ఉన్నారు. మిగిలిన రెండు చికిత్సలు ఇంకా వెనకబడ్డాయి. అమెరికాలో అంతకుముందే చర్మ క్యాన్సర్ వచ్చి నయమైన 932 మంది మాజీ సైనికులను తీసుకుని, సగం మందికి ఈ క్రీమునూ, సగం మందికి మందు లేని క్రీమునూ ముఖానికీ చెవులకూ నాలుగు వారాల వరకు పూయించారు. శస్త్రచికిత్స అవసరమయ్యే స్క్వేమస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ మొదటి ఏడాదిలో మందు వాడినవారిలో 75 శాతం తగ్గింది. అల్బినిజం ఉన్నవారికి ఎక్కువగా వచ్చే చర్మ క్యాన్సర్ కూడా అదే రకం కనుక, ఈ మూడు వారాల బాధను ఆ లెక్కతో తూచి చూడాలి.

పూసే పద్ధతి కూడా ముఖ్యమే. గోరువెచ్చని నీటితో, సబ్బు లేకుండా ముఖం కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పది నిమిషాలు ఆరనిచ్చి, తరువాత పలుచగా పూయండి. కంటి చుట్టూ, ముక్కు మడతల్లో, పెదవుల మూలల్లో పడకుండా చూడండి. ఆ మడతల్లో మందు చేరి నిలిస్తే పుండు లోతుగా పడుతుంది. పైన గట్టిగా కట్టు కట్టకండి. పెచ్చులను గిల్లనివ్వకండి. రెండు పూతల మధ్య పెట్రోలియం జెల్లీ కొద్దిగా రాస్తే బిగుతు తగ్గుతుంది, కానీ ఆ జిడ్డు పట్టిన తుండుతో పొయ్యి దగ్గరకు వెళ్లవద్దు, దానికి త్వరగా నిప్పంటుకుంటుంది. ట్యూబును పిల్లలకే కాదు, కుక్కలకు కూడా అందకుండా దాచండి. ఈ క్రీమును నాకిన, ట్యూబును కొరికిన ఐదు కుక్కలు చనిపోయాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది.

రోజూ ఒకే వేళకు, ఒకే వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకు చూపించడానికి పనికివస్తుంది. అంతకంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడాను కళ్లతో చూసుకుంటే మీకు కూడా ధైర్యం వస్తుంది.

పల్నాడు అక్క

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మరదలిని ఆ పని నుంచి తప్పించాము, ఇప్పుడు నేనే తొడుగు వేసుకుని పూస్తున్నాను. డాక్టరుగారికి ఫొటో పంపితే రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నారు, అలాగే చేస్తున్నాము. షాపు ట్యూబును వాడలేదు.

ఇంకొన్ని సందేహాలున్నాయి. ముంజేతుల మీద కూడా అలాంటి గరుకు మచ్చలే ఉన్నాయి, మిగిలిన క్రీమును వాటికి పూయవచ్చా? యాక్టినిక్ కెరటోసిస్‌కు డైక్లోఫెనాక్ జెల్ కూడా వాడతారని మా బంధువు ఒకరు ఇంటర్నెట్‌లో చదివి చెప్పారు, అది మోకాళ్ల నొప్పులకు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ఇంత మంట లేకుండా దానితో సరిపెట్టవచ్చా? కుడి చెవి అంచు మీద శనగగింజంత గట్టి బొడిపె ఒకటి ఈ మధ్యనే లేచింది, ముట్టుకుంటే నొప్పి అంటున్నాడు. ఆసుపత్రికి వెళ్లిన నాటికి అది లేదు. దాని మీద కూడా ఇదే క్రీమ్ పూస్తే కరుగుతుందా?

జవాబు – హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు

అక్కా, నాకు కూడా అల్బినిజమే. ఈ క్రీమును నేను రెండు విడతలుగా వాడాను. మంట గురించి మీ తమ్ముడు చెప్పేది ఒక్క ముక్క అతిశయోక్తి కాదని మీ ఇంట్లోవారికి చెప్పండి. నాకు రాత్రి పూతను పడుకునే ముందు కాకుండా సాయంత్రమే పూసుకోవడం వల్ల, చల్లని నీటిలో పిండిన మెత్తని గుడ్డను పూతకు ముందు కాసేపు నుదుటి మీద వేసుకోవడం వల్ల చాలా ఉపశమనం కలిగింది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట వేరే ఉంది. మా చూపు తక్కువ, కనుక మా చర్మంలో మార్పును మేమే కనిపెట్టలేము. ఈ మచ్చలు మొదట్లో కంటికి కాక వేలికే అందుతాయి, తడిమితే ఉప్పుకాగితం మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. మా ఇంట్లో నెలకొకసారి, తల స్నానం చేసిన రోజున, మా అమ్మ నా నుదురు, చెవుల పైఅంచులు, చెవుల వెనక, మెడ, చేతుల వెనకభాగం వేళ్లతో తడిమి చూస్తుంది. గరుకు తగిలిన చోట బాల్‌పెన్నుతో గుండ్రంగా గీసి ఫొటో తీస్తుంది, డాక్టరుకు అదే చూపిస్తాము. మీ తమ్ముడికి కూడా ఎవరో ఒకరు ఈ పని పెట్టుకోవాలి. చెవి బొడిపెను మీరు చూసిపెట్టడం ఎంతో మంచిదైంది, కానీ దాని మీద మీరు స్వయంగా ఏమీ పూయకండి.

ఎండ గురించి కూడా ఒక మాట చెబుతాను. తుండు చాలదు. చెవులు, మెడ పూర్తిగా కప్పే వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల ముదురు రంగు చొక్కా, పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. మార్చి నుంచి మే వరకు మన దగ్గర మధ్యాహ్నపు అతినీలలోహిత సూచీ 11 దాటుతుంది, అంటే ఆ కిరణాలు అత్యంత తీవ్రంగా ఉంటాయన్నమాట. కల్లం కాపలా తప్పదనుకుంటే రాత్రి కాపలా అతనికి అప్పగించి, పగటిది మరొకరు చూసుకునేలా ఇంట్లో మాట్లాడుకోండి. నేను పని చేయగలను, ఎండలో మాత్రం చేయలేను అని చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ మాట ఇంట్లోవారే ముందుగా అంటే మాకు ఎంతో సులువవుతుంది.

జవాబు – చర్మవైద్యుడు, గుంటూరు

అమ్మా, చెవి బొడిపె విషయం వేరు, దాని గురించి చివర్లో చెబుతాను, దయచేసి అదే ముందుగా చేయండి.

ముంజేతుల మీద మిగిలిన క్రీమ్ పూయవచ్చా అంటే, ఇప్పుడే వద్దు. ఒకేసారి ఎక్కువ విస్తీర్ణంలో పూస్తే మందు లోపలికి చేరే పాళ్లు పెరుగుతుంది, బాధ కూడా రెట్టింపవుతుంది. ముఖం పూర్తిగా మానాక ఒక్కొక్క చెయ్యి చొప్పున చూసుకోవచ్చు. చేతుల చర్మం మందం కనుక అక్కడ సాధారణంగా మూడు వారాలు సరిపోవు, ఇంకా ఎక్కువ కాలం పూయాల్సి వస్తుంది. ఎండ తక్కువగా ఉండే కార్తీక, మార్గశిర మాసాల్లో పెట్టుకుంటే మంట కూడా కొంత తక్కువగా ఉంటుంది.

డైక్లోఫెనాక్ విషయంలో మీ బంధువు చదివింది నిజమే కానీ, ఆ మందు వేరు. ఈ జబ్బుకు వాడేది హైలురోనిక్ ఆమ్లంలో కలిపిన మూడు శాతం జెల్, రెండు మూడు నెలల పాటు రోజుకు రెండుసార్లు పూయాలి. నొప్పుల జెల్‌లో డైక్లోఫెనాక్ పాళ్లు తక్కువ, పైగా మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ వంటివి కలిపి ఉంటాయి. పుండు పడిన ముఖానికి దానిని పూస్తే ప్రమాదం.

బాధ తక్కువగా ఉండే మార్గాలు లేకపోలేదు. సొరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయాల్‌ను ఇదే క్రీముతో సమానంగా కలిపి నాలుగు రోజులు మాత్రమే పూయించిన ఒక అధ్యయనంలో, ముఖం మీది మచ్చలు సగటున 88 శాతం తగ్గాయి. 2017లో ఆ ఫలితాలు వచ్చిన తరువాత చాలామంది వైద్యులు ఆ పద్ధతిని అనుసరిస్తున్నారు. రోజుకు ఒకసారి చొప్పున ఐదు రోజులు పూసే టిర్బానిబ్యులిన్ అనే ఆయింట్‌మెంటును అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతించారు. మచ్చలు ఒకటి రెండే ఉంటే ద్రవ నత్రజనితో గడ్డకట్టించి తీసేయడమే సులువు. చేతుల విషయంలో వీటిలో ఏది తగినదో మీ డాక్టరుతో మాట్లాడండి. మీ తమ్ముడికి ముఖం మీద మాత్రం ఇప్పుడు నడుస్తున్న కోర్సును మధ్యలో మార్చవద్దని నా అభిప్రాయం.

ఇక చెవి అంచు మీది బొడిపె. గట్టిగా ఉండటం, ముట్టుకుంటే నొప్పి పుట్టడం, కొద్దికాలంలోనే పెరగడం, ఇవి మూడూ క్యాన్సర్‌ను అనుమానించాల్సిన గుర్తులు. రక్తం కారినా, కొమ్ములా పొడుచుకు వచ్చినా, ఎంతకూ మానని పుండు పడినా అంతే. అది క్యాన్సరే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఈ క్రీమ్ చర్మం పైపొరల్లో మాత్రమే పనిచేస్తుంది. లోతుకు దిగిన గడ్డ మీద పూస్తే పైన మాత్రం మానినట్టు కనిపించి, అడుగున అది పెరుగుతూనే ఉంటుంది. చెవి మీద వచ్చే స్క్వేమస్ సెల్ క్యాన్సర్ మెడలోని గ్రంథులకు పాకే స్వభావం మిగతా చోట్ల వచ్చేదానికంటే ఎక్కువ. తొలిదశలో చిన్న ఆపరేషనుతో పూర్తిగా తీసేయగలిగినది కనుక ఆలస్యం చేయకూడదు. ముఖం మానేదాకా ఆగుదాం, మిర్చి అమ్మేదాకా ఆగుదాం అనుకోకండి. ఈ వారంలోనే పాత బయాప్సీ రిపోర్టు, ఇప్పటిదాకా తీసిన ఫొటోలు పట్టుకుని అదే ఆసుపత్రికి వెళ్లి, చెవి మీద కొత్తగా గడ్డ లేచిందని చీటీ రాసేచోటే చెప్పండి. మెడకు రెండు పక్కలా గ్రంథులు తడిమి చూడమని కూడా డాక్టరును అడగండి. అక్కడ ముక్క తీసి పరీక్షకు పంపిన తరువాత ఏం చెప్పారో ఇక్కడ రాస్తే, తరువాతి సంగతి మాట్లాడుకుందాం.